శరణు దొరకని దరఖాస్తు కోర్టు మెట్లెక్కితే

శరణార్థి హోదా నిరాకరణకు గురైనవారిలో చాలామంది ఒకే ఆశతో కోర్టుకు వెళతారు: ట్రిబ్యునల్ తమ మాట నమ్మలేదు, జడ్జి అయినా నమ్ముతారని. కెనడాలో ఈ ఆశ మొదటి మెట్టు దగ్గరే దారి తప్పుతుంది. ఈ మనిషి శరణార్థా కాదా అన్నది అక్కడి ఫెడరల్ కోర్టు విచారించే ప్రశ్న కాదు. కాదని తేల్చిన తీరు చట్టం ముందు నిలబడుతుందా అన్నదే దాని ముందున్న ప్రశ్న. రెండూ ఒకటే అనిపిస్తాయి గాని, వాటి జవాబులు వేరువేరు దిక్కులకు పోగలవు. పొరపాటు నిర్ణయమైనా కారణాలు పొందికగా రాసి ఉంటే నిలిచిపోవచ్చు. సరైన నిర్ణయమైనా కారణాలు కుదరకపోతే రద్దు కావచ్చు. న్యాయ సమీక్ష ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో అర్థం కావాలంటే ఈ తేడాను వదలకుండా పట్టుకోవాలి.

శరణార్థి అంటే ఎవరో 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడిక, 1967 ప్రోటోకాల్ చెప్పాయి. జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయ అభిప్రాయం, వీటిలో ఏదో ఒక కారణంగా స్వదేశంలో వేధింపులకు గురవుతామన్న భయం ఉండాలి, ఆ భయానికి తగిన ఆధారం ఉండాలి. ఈ నిర్వచనంలోకి ఎవరు వస్తారో తేల్చే పద్ధతిని మాత్రం ఒడంబడిక ఏ దేశానికి ఆ దేశానికే వదిలేసింది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1979లో వెలువరించిన మార్గదర్శిలో ఒక మెలిక ఉంది: గుర్తింపు ఇచ్చినందువల్ల ఎవరూ శరణార్థి అయిపోరు, శరణార్థి కాబట్టే గుర్తింపు ఇస్తారు. అంటే ప్రభుత్వం ఇచ్చేది ఉన్న విషయాన్ని ఒప్పుకొనే కాగితం మాత్రమే. ఆ లెక్కన తప్పుడు తిరస్కరణ ఒక శరణార్థిని శరణార్థి కాకుండా చేయలేదు. చేయగలిగింది, అతన్ని ప్రమాదంలోకి వెనక్కి పంపడం. ఒడంబడిక 33వ అధికరణం నిషేధించేది సరిగ్గా దాన్నే.

కెనడాలో శరణు కోరినవారి కథను మొదట వినేది వలస, శరణార్థుల బోర్డులోని శరణార్థుల రక్షణ విభాగం. అక్కడ దరఖాస్తుదారు బోర్డు సభ్యుడి ఎదుట స్వయంగా చెప్పుకొంటారు. దుబాసీ ఉంటారు, న్యాయవాదిని పెట్టుకోవచ్చు. కాదంటే ఎక్కువ మందికి అదే బోర్డులోని అప్పీలు విభాగానికి వెళ్లే హక్కు ఉంది. ఈ అప్పీలును 2001 నాటి వలస, శరణార్థుల రక్షణ చట్టంలోనే రాశారు, అమల్లోకి తెచ్చింది మాత్రం 2012 డిసెంబరు 15న. పదేళ్లకు పైగా ఆ హక్కు చట్టంలో ఉండీ లేనట్టే. అప్పీలు విభాగం కూడా కాదన్నాకే ఫెడరల్ కోర్టు వంతు. అప్పీలు హక్కు ఉన్నవాళ్లు దాన్ని వాడుకోకుండా నేరుగా కోర్టుకు రావడానికి వీల్లేదు. ఆ హక్కు లేనివాళ్లూ ఉన్నారు. నమ్మదగిన ఆధారమే లేదని, లేదా స్పష్టంగా నిరాధారమని బోర్డు ముద్ర వేసిన దరఖాస్తులు, ముందు అడుగుపెట్టిన దేశంలోనే శరణు కోరాలంటూ అమెరికాతో చేసుకున్న సురక్షిత తృతీయ దేశ ఒప్పందంలోని మినహాయింపు కింద భూసరిహద్దు దాటి వచ్చినవారి దరఖాస్తులు ఈ కోవలోకి వస్తాయి. వీరికి మొదటి తిరస్కరణ తర్వాత ఉన్నది కోర్టు ఒక్కటే.

అప్పీలు విభాగం అధికారం విశాలమైంది. కింది విభాగం తప్పు చేసిందా లేదా అని అది సొంతంగా పరిశీలించాలని, అవసరమైతే తన నిర్ణయాన్నే దాని స్థానంలో పెట్టాలని 2016లో హురుగ్లికా కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. అప్పీలు విభాగం ‘ఈమె శరణార్థే’ అని ప్రకటించగలదు. సమీక్ష చేసే ఫెడరల్ కోర్టు సాధారణంగా ఆ మాట అనదు. నిర్ణయాన్ని రద్దు చేసి, మరో సభ్యుడు మళ్లీ చూడాలని వెనక్కి పంపుతుంది. హైకోర్టు రిట్లతో పరిచయం ఉన్నవారికి ఇది కొత్త విషయం కాదు. ప్రాణం మీదికి వచ్చిన విషయంలోనూ కోర్టు అదే గీత దగ్గర ఆగుతుందన్నదే చాలామందికి మింగుడుపడదు.

ఈ వ్యవస్థకు పునాది వేసిన తీర్పు 1985 ఏప్రిల్ 4న వచ్చిన సింగ్ కేసు. కోర్టుకెక్కిన ఏడుగురిలో ఆరుగురు భారత్ నుంచి వెళ్లిన సిక్కులు, ఒకరు గయానాకు చెందిన భారత సంతతి వ్యక్తి. అప్పటి పద్ధతి ప్రకారం ఒక వలస అధికారి దరఖాస్తుదారును ప్రమాణం చేయించి ప్రశ్నించేవారు. ఆ ప్రశ్నోత్తరాల రాతప్రతిని చూసి ఒక సలహా సంఘం మంత్రికి సలహా ఇచ్చేది, మంత్రి తేల్చేవారు. తేల్చేవాళ్లెవరూ మనిషి ముఖం చూసేవారు కాదు. పునఃపరిశీలన కోరినా, గెలిచే అవకాశం లేదనుకుంటే కాగితాల మీదే కొట్టేసేవారు. కెనడా గడ్డమీద ఉన్న ప్రతి ఒక్కరికీ ప్రాణానికి, స్వేచ్ఛకు, భద్రతకు హామీ ఇచ్చే హక్కుల చార్టర్ ఏడో సెక్షన్ వర్తిస్తుందని, పౌరుడా కాదా అన్నది అక్కడ అడగాల్సిన ప్రశ్న కాదని న్యాయమూర్తి బెర్తా విల్సన్ రాశారు. ఒకరి మాట నమ్మాలా వద్దా అన్నదే కీలకమైనప్పుడు ఆ మాటను నోటివెంట వినాల్సిందేనన్నారు. అందరికీ విచారణ ఇస్తే ఖర్చూ భారమూ పెరుగుతాయన్న ప్రభుత్వ వాదన ఆమె దగ్గర నిలవలేదు. తీర్పులో పాల్గొన్న ఆరుగురిలో ముగ్గురు చార్టర్ మీద, మిగతా ముగ్గురు ‘హక్కుల బిల్లు’ అనే పాత చట్టం మీద ఆధారపడ్డారు, ఫలితం మాత్రం ఏకగ్రీవం. నేటి బోర్డు 1989లో ఏర్పడటానికి ఆ తీర్పే కారణం. ఏప్రిల్ 4ను కెనడాలో శరణార్థుల హక్కుల దినంగా పాటిస్తారు.

నలభై ఏళ్ల తర్వాత ఆ తీర్పులోని తర్కం ఒక చోట తిరగబడిందనిపిస్తుంది. ఒకరి మాట నమ్మాలా వద్దా అన్న విషయంలో కోర్టులు బోర్డును గౌరవించడానికి చెప్పే ముఖ్య కారణం, బోర్డు సభ్యుడు ఆ మనిషిని చూశాడు, విన్నాడు, కోర్టు వినలేదు అన్నది. కానీ కోర్టు ముందుకు సాధారణంగా వచ్చేది అప్పీలు విభాగం నిర్ణయం. ఆ విభాగం ఎక్కువ కేసుల్లో కాగితాలు, రికార్డింగు చూసే తేలుస్తుంది. కీలకమైన కొత్త సాక్ష్యం వస్తే తప్ప మనిషిని పిలవదు. వినని సభ్యుడు రాసిన నిర్ణయానికి, వినని జడ్జి, ‘విన్నవారు’ అన్న గౌరవం ఇస్తున్నట్టే. నైపుణ్యం, చట్టం అప్పగించిన పాత్ర వంటి వేరే కారణాలు ఉన్నాయి, వాటికి బలమూ ఉంది. ఎదురుగా చూశారన్న కారణం మాత్రం ఇక్కడ పలచబడిపోయింది.

ఇక కోర్టు గడప. తిరస్కరణకు గురైనవారు నేరుగా సమీక్ష పొందలేరు, ముందు అనుమతి అడగాలి. కెనడా లోపల తీసుకున్న నిర్ణయమైతే అది తెలిసిన రోజు నుంచి 15 రోజుల్లో, దేశం బయట తీసుకున్న నిర్ణయమైతే 60 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. దాఖలు రుసుము 50 కెనడా డాలర్లు. దానికది పెద్ద మొత్తం కాదు, అసలు ఖర్చంతా న్యాయవాది దగ్గర ఉంటుంది. భాష రాని, ఊరు కొత్త, అప్పటికే తిరస్కరణతో కుంగిన మనిషి న్యాయవాదిని వెతుక్కొని, న్యాయ సహాయం కోసం అర్జీ పెట్టుకొని, కాగితాలు సిద్ధం చేసుకోవడానికి 15 రోజులు చాలవని ఎవరికైనా తెలుస్తుంది. ప్రత్యేక కారణాలుంటే గడువు పొడిగించే అధికారం జడ్జికి ఉంది, అందుకు ఆలస్యంలోని ప్రతి రోజుకూ సంజాయిషీ ఇవ్వగలగాలి.

అనుమతి అడిగినప్పుడు ఎవరూ కోర్టులో నిలబడరు. అఫిడవిట్, బోర్డు నిర్ణయం, వాదనల పత్రం, ప్రభుత్వ జవాబు, ఈ దస్తా ఒక జడ్జి బల్ల మీదకు వెళుతుంది. వాదించదగ్గ అంశం ఉందా అన్నదే కొలమానం. ఉందంటే విచారణ తేదీ వేస్తారు, చట్టం ప్రకారం అది 30 రోజుల కన్నా ముందు గాని, 90 రోజుల తర్వాత గాని ఉండకూడదు. లేదంటే ఒక్క వాక్యంతో కొట్టివేత. కారణాలు రాయరు. దాని మీద అప్పీలు లేదు. బోర్డు రాసిన కారణాలను అక్షరం అక్షరం పరీక్షించడానికి పుట్టిన ప్రక్రియలో, మొదటి తలుపు మాత్రం కారణం చెప్పకుండానే మూసుకుంటుంది. దీన్ని సమర్థించేవారు కేసుల సంఖ్య చూపిస్తారు. నిజమే, ఫెడరల్ కోర్టు పనిలో వలస, శరణార్థుల కేసులదే సింహభాగం, ఒక్కో కొట్టివేతకు పేజీల కొద్దీ రాయాలంటే కోర్టు నడవదు. కానీ రెండు మూడు వాక్యాలు రాయడానికీ ఏమీ రాయకపోవడానికీ మధ్య చాలా చోటుంది.

ఆ మౌనం వెనక ఏం జరుగుతోందో కొంత తెలిసింది ఒక అధ్యయనం వల్ల. 2005–2010 మధ్య ఈ కోర్టుకు వచ్చిన శరణార్థుల అనుమతి దరఖాస్తులను లెక్కగట్టి 2012లో వెలువడిన ఆ పరిశోధన, ఒక జడ్జి దగ్గర నూటికి రెండు దరఖాస్తులకు కూడా అనుమతి దొరకలేదని, మరో జడ్జి దగ్గర డెబ్బై దాటాయని తేల్చింది. జడ్జీల మధ్య అంత తేడా రావడానికి కేసుల స్వభావం ఒక్కటే కారణమంటే నమ్మడం కష్టం. అప్పీలు విభాగం రాకతో ఆ తర్వాత పరిస్థితి చాలా మారింది కాబట్టి ఆ అంకెలను నేటికి యథాతథంగా అంటగట్టకూడదు. అయితే కారణాలు రాయని పద్ధతి మారలేదు, ఇలాంటి తేడాలను లోపలి నుంచి సరిదిద్దే మార్గం కూడా రాలేదు.

అనుమతి దొరికి విచారణ దాకా వస్తే, కోర్టు ఏ కొలబద్దతో చూస్తుంది? 2019 డిసెంబరు 19న సుప్రీంకోర్టు ఇచ్చిన వావిలోవ్ తీర్పే నేటి ప్రమాణం. ఆ కేసుకూ శరణార్థులకూ సంబంధం లేదు. మారుపేర్లతో ఉత్తర అమెరికాలో కాపురమున్న రష్యా గూఢచారుల కొడుకు, టొరంటోలో పుట్టినవాడు, తన పౌరసత్వ పత్రం రద్దు చేయడాన్ని సవాలు చేసి గెలిచిన కేసు అది. యుద్ధాల నుంచి, జైళ్ల నుంచి పారిపోయి వచ్చినవారి కేసులన్నీ ఇప్పుడు ఒక గూఢచారి కుటుంబం పేరు మీద నడుస్తుండటం న్యాయశాస్త్రపు చమత్కారాల్లో ఒకటి. తీర్పు సారం ఏమిటంటే, పరిపాలనా నిర్ణయాలన్నిటికీ మామూలు కొలమానం సహేతుకత. జడ్జి తానైతే ఏం తేల్చేవారో ముందుగా ఊహించుకొని దానితో పోల్చకూడదు. నిర్ణేత రాసిన కారణాల నుంచే మొదలుపెట్టి, ఆ దారిలో నడిచి చూడాలి. తర్కం మధ్యలో తెగిపోయినా, చట్టానికీ సాక్ష్యాలకూ ఎదురు నిలబడలేకపోయినా నిర్ణయం అసహేతుకం. పంక్తి పంక్తికీ తప్పులు వెతికే వేట మాత్రం కాకూడదు.

శరణార్థులకు ఎక్కువగా పనికొచ్చే మాట ఆ తీర్పులో మరోచోట ఉంది. నిర్ణయం ఒక వ్యక్తి మీద ఎంత తీవ్రంగా పడుతుందో, రాసిన కారణాలు ఆ తీవ్రతకు తగినట్టుగా ఉండాలి. ప్రాణానికీ స్వేచ్ఛకూ ముప్పు ఉన్నచోట పైపై మాటలు చాలవు. ఇంగ్లండులో ఇలాంటి ఆలోచన 1987 నాటిదే. ఉగాండా నుంచి పారిపోయి వచ్చిన వ్యక్తిని కెన్యాకు పంపాలన్న నిర్ణయాన్ని, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ రద్దు చేస్తూ, ప్రాణం పణంగా ఉన్న నిర్ణయాన్ని అత్యంత ఆదుర్దాతో పరీక్షించాలంది. కెన్యా అతన్ని మళ్లీ ఉగాండాకు అప్పగించే ప్రమాదాన్ని మంత్రి ఆలోచించకపోవడమే అక్కడ దొరికిన తప్పు. ఆస్ట్రేలియా గాలి కొంత వేరు. అధికారి రాసిన కారణాలను తప్పు పట్టాలన్న చూపుతో చదవకూడదని 1996లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు హెచ్చరించింది. అలాగని కోర్టు తలుపు మూయనూ లేదు. సమీక్షను అడ్డుకోవడానికి పార్లమెంటు తెచ్చిన నిబంధనకు 2003లో అదే కోర్టు పదును తీసేసింది.

కెనడాలో సమీక్ష గెలిచే కేసులు చదివితే కొన్ని తప్పులు పదేపదే కనిపిస్తాయి. అన్నిటికన్నా ఎక్కువ, నమ్మకానికి సంబంధించినవి. ప్రమాణం చేసి చెప్పిన మాటను అనుమానించడానికి కారణం దొరికేదాకా నిజమనే అనుకోవాలన్నది మాల్డొనాడో కేసు నుంచి వస్తున్న సూత్రం. ఆచరణలో బోర్డు ఆ కారణాన్ని చిన్న చిన్న తేడాల్లో వెతుకుతుంది. మొదటి ఫారంలో రాయని సంఘటన విచారణలో చెప్పడం, తేదీ ఒక నెల అటూ ఇటూ కావడం, పోలీసులు ముగ్గురని ఒకసారి, నలుగురని మరోసారి అనడం. కథకు ప్రాణమైన విషయంలో వైరుధ్యానికీ అంచుల్లోని తడబాటుకూ తేడా చూడాలని కోర్టు ఎన్నోసార్లు చెప్పింది. చిత్రహింసలు అనుభవించినవారి జ్ఞాపకం వరుసలో ఉండదని, అధికారి ముందు మొదటి రోజే అత్యాచారం గురించి చెప్పలేని ఆడవాళ్లుంటారని వేరే చెప్పనక్కర్లేదు గాని, నిర్ణయాలు చదివితే చెప్పాల్సి వస్తుందనే అనిపిస్తుంది.

దీనికి అన్నలాంటిది, ‘అలా జరిగి ఉండదు’ అన్న తీర్మానం. తీవ్రవాదులు హెచ్చరించి వదిలేయరు, పోలీసులు వెతుకుతున్న మనిషి సొంత పాస్‌పోర్టుతో విమానం ఎక్కలేడు, నిజంగా భయపడినవాడు రెండు నెలలు ఆగడు. ఇలాంటి వాక్యాల్లో సాక్ష్యం ఉండదు, రాసినవారి ఊహ మాత్రమే ఉంటుంది. బాగా స్పష్టమైన సందర్భాల్లో తప్ప ఈ ఆయుధం వాడకూడదని, వేరే సమాజంలో సహజమైనది ఇక్కడివారికి అసహజంగా తోచవచ్చని 2001లో వాల్ట్‌చెవ్ కేసులో ఫెడరల్ కోర్టు చెప్పింది. ఇప్పటికీ ఎక్కువగా ఉదహరించే తీర్పుల్లో అదొకటి. అంటే జబ్బు ఇంకా ఉందన్నమాట.

సాక్ష్యాన్ని పట్టించుకోకపోవడం మరో రకం. బోర్డు ప్రతి కాగితాన్నీ ప్రస్తావించనక్కర్లేదు. కానీ తన తీర్మానానికి నేరుగా ఎదురుపడే ముఖ్యమైన సాక్ష్యాన్ని పేరెత్తకుండా దాటేస్తే, చూడలేదనే కోర్టు అనుకోవచ్చు. సాక్ష్యం ఎంత ముఖ్యమైనదైతే ఆ అనుమానం అంత బలపడుతుందని 1998 నాటి సెపెడా-గుటియెరెజ్ తీర్పు. అందుకే అనుభవమున్న న్యాయవాదులు బోర్డు ‘తప్పుగా తేల్చింది’ అని వాదించరు. ఫలానా పేజీలోని ఫలానా నివేదిక ఇలా అంటోంది, నిర్ణయం దాని గురించి ఒక్క మాట అనలేదు అని చూపిస్తారు. మొదటి వాదన జడ్జిని సాక్ష్యం మళ్లీ తూచమని అడుగుతుంది, ఆ పని జడ్జి చేయరు. రెండోది నిర్ణయంలోని ఖాళీని వేలుపెట్టి చూపిస్తుంది.

చట్టపరమైన పరీక్షను కలగాపులగం చేయడం కూడా తరచూ కనిపిస్తుంది. శరణార్థి నిర్వచనం కిందికి రావడానికి, వేధింపులు జరిగే అవకాశం సగానికి మించి ఉందని నిరూపించనక్కర్లేదు. గట్టి అవకాశం ఉంటే చాలని 1989లో అడ్జేయ్ కేసులో తేలింది. చిత్రహింసల వంటి ముప్పుల కింద రక్షణ కోరే, వలస చట్టంలోని 97వ సెక్షన్‌కు మాత్రం జరిగే అవకాశమే ఎక్కువని చూపాలి. కొన్ని నిర్ణయాల్లో రెండో కొలతను మొదటి దానికి పెట్టేస్తారు. కొలత మారితే ఫలితం మారుతుంది, కాబట్టి ఇలాంటి పొరపాటు దొరికినచోట నిర్ణయం నిలవడం కష్టం.

సొంత ప్రభుత్వం కాపాడగలదా అన్న ప్రశ్నకు 1993 నాటి వార్డ్ కేసు మూలం. ఐర్లండుకు చెందిన ఒక సాయుధ ముఠా సభ్యుడు, బందీలను చంపమంటే మనసొప్పక వాళ్లను తప్పించి, ముఠా విధించిన మరణశిక్ష నుంచి పారిపోయి వచ్చాడు. వేధించేది ప్రభుత్వమే కానక్కర్లేదని, కాపాడలేని ప్రభుత్వమున్నా చాలని సుప్రీంకోర్టు అంది. అదే నోటితో, రాజ్యం తన పౌరుల్ని కాపాడగలదనే మొదట అనుకోవాలని, కాదనడానికి స్పష్టమైన, నమ్మదగిన ఆధారం చూపాలని కూడా అంది. ఇప్పుడు సమీక్షల్లో నలిగేది ఈ రెండో సగమే. కొత్త చట్టం చేశారు, హెల్ప్‌లైన్ పెట్టారు, పోలీసులకు శిక్షణ ఇచ్చారు అని బోర్డు రాస్తే, ప్రయత్నాలు సరే, వాటివల్ల ఆ మనిషికి నిజంగా రక్షణ దొరుకుతుందా అని కోర్టు అడుగుతుంది.

భారత్ నుంచి వెళ్లినవారి కేసులు ఎక్కువగా తేలేది ఇంకో చోట. సొంత దేశంలోనే వేరే ఊళ్లో సురక్షితంగా బతకగలిగితే శరణు అక్కర్లేదన్నది సూత్రం. శ్రీలంక తమిళుడొకరు కొలంబోలో ఉండవచ్చా అన్న ప్రశ్న వచ్చిన రసరత్నం కేసులో దీనికి రెండంచెల పరీక్ష కుదిరింది. ఆ ఊళ్లో ముప్పు ఉండకూడదు, అక్కడికి వెళ్లమనడం ఆ వ్యక్తి పరిస్థితుల్లో అన్యాయం కాకూడదు. పంజాబ్ నుంచి వచ్చిన దరఖాస్తుదారులకు బోర్డు ముంబై, ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతా వంటి పేర్లు చూపించడం పరిపాటి. అప్పుడు వాదన అద్దెదారుల పోలీసు తనిఖీ మీదికి, రాష్ట్రాల పోలీసుల మధ్య సమాచార వ్యవస్థ మీదికి మళ్లుతుంది. వెతికే సామర్థ్యం ఉండటం ఒకటి, ఈ మనిషి కోసం అంత దూరం వెతకాలన్న పట్టుదల ఉండటం ఇంకొకటి అని బోర్డు అంటుంది, చాలాసార్లు కోర్టూ ఒప్పుకొంటుంది. అయితే ఊరికెళ్లి తల్లిదండ్రులను బెదిరించి ఆచూకీ అడుగుతున్నారన్న సాక్ష్యం ఉన్నప్పుడు, కొడుకు ఎక్కడున్నాడో కన్నవాళ్లకు కూడా చెప్పకుండా బతకమనడం దాక్కోమనడంతో సమానమని, దాన్ని సురక్షిత ప్రత్యామ్నాయం అనలేమని కొన్ని తీర్పులు గట్టిగా చెప్పాయి.

విచారణ న్యాయంగా జరిగిందా అన్నది వేరే దారి. ఇక్కడ కోర్టు బోర్డుకు వెసులుబాటు ఇవ్వదు. దుబాసీ అనువాదం నిరంతరంగా, కచ్చితంగా, సమర్థంగా, నిష్పక్షపాతంగా, అప్పటికప్పుడు సాగాలి. కానీ లోపం కనిపించిన వెంటనే విచారణలోనే అభ్యంతరం చెప్పాలని 2001లో మహమ్మదియన్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు అంది. భాష రాని మనిషికి అనువాదం తప్పిందని ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు జవాబు అంత సులభం కాదు. పాత న్యాయవాది అసమర్థత వల్ల ఓడానని అనాలంటే ముందుగా ఆయనకు నోటీసిచ్చి జవాబు చెప్పే అవకాశం ఇవ్వాలి.

సమీక్షలో కొత్త సాక్ష్యానికి దాదాపు చోటు లేదు. బోర్డు ముందు ఏముందో దాన్నిబట్టే నిర్ణయాన్ని కొలుస్తారు. తిరస్కరణ తర్వాత స్వదేశంలో తమ్ముణ్ని అరెస్టు చేసినా, ప్రభుత్వం కూలిపోయి ప్రత్యర్థులు గద్దెనెక్కినా, ఆ సంగతి జడ్జి చెవిన పడే దారి ఇది కాదు. దానికోసం దేశం నుంచి పంపేముందు ముప్పును అంచనా వేసే మరో దరఖాస్తు ఉంది. అది కూడా తిరస్కరణ తర్వాత మామూలుగా 12 నెలల దాకా పెట్టుకోవడానికి వీల్లేదు. ఆ 12 నెలల్లోనే పంపించివేసే ఏర్పాట్లు జరగవచ్చు.

అందుకే స్టే అన్నది సమీక్ష కన్నా ముందు తేలాల్సిన సంగతి. అప్పీలు విభాగం నిర్ణయం మీద సకాలంలో కోర్టుకు వెళ్లినవారికి, కొన్ని మినహాయింపులతో, పంపివేత దానంతటదే ఆగుతుంది. అనుమతి నిరాకరిస్తే ఆ రక్షణ అప్పుడే పోతుంది. అప్పీలు హక్కు లేనివారు, ముప్పు అంచనాలో ఓడినవారు కోర్టును విడిగా స్టే అడగాలి. తీవ్రమైన అంశం, పూడ్చలేని నష్టం, ఎవరికి ఎక్కువ ఇబ్బంది అన్న మూడు మెట్ల పరీక్ష 1988 నాటి టోత్ కేసుది. రెండో మెట్టు దగ్గర ఒక చక్రబంధం ఉంది. వెళితే చంపుతారు అంటే, ఆ మాట బోర్డు నమ్మలేదు కాబట్టి నష్టం ఊహాజనితం అంటారు. బోర్డు నమ్మకపోవడం సరైందా కాదా అన్నదే కదా ఇంకా విచారణకు రాని అసలు కేసు. విమానం టికెట్టు కొన్నాక, ఒకటి రెండు రోజుల ముందు, చాలాసార్లు టెలిఫోనులోనో వీడియోలోనో సాగే ఆ వాదనల్లో ఈ బంధాన్ని తెంచడం న్యాయవాదుల పనుల్లోకెల్లా కష్టమైంది.

గెలిస్తే ఏమవుతుంది? కేసు వెనక్కి వెళ్లి, వేరే సభ్యుడి దగ్గర మళ్లీ మొదలవుతుంది. ఆయనా కాదనవచ్చు, ఈసారి కారణాలు ఇంకాస్త జాగ్రత్తగా రాసి. ఓడితే పైకోర్టుకు వెళ్లే దారి సన్ననిది. సార్వజనిక ప్రాముఖ్యమున్న ప్రశ్న ఉందని తీర్పిచ్చిన జడ్జే ధ్రువీకరించాలి, లేకపోతే ఫెడరల్ అప్పీలు కోర్టుకు అప్పీలు లేదు. అలా దారి దొరికిన కేసుల్లో ఒకటి 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చిన మేసన్ కేసు. వలస చట్టాన్ని అంతర్జాతీయ మానవ హక్కుల పత్రాలకు అనుగుణంగా చదవాలని ఆ చట్టంలోనే రాసి ఉండగా, 33వ అధికరణాన్ని పట్టించుకోకుండా ఇచ్చిన నిర్ణయం సహేతుకం కాదని కోర్టు అంది. సహేతుకత అన్న మెత్తని కొలమానంలో కూడా పళ్లున్నాయని చూపిన తీర్పు అది.

అయినా వెనక్కి పంపడమే మందు అయినప్పుడు బంతాట తప్పదు. దీని చివరి అంచు హంగరీలో కనిపించింది. శరణు కోరిన ఒక రష్యన్ వ్యాపారి దరఖాస్తును అక్కడి అధికారులు తిరస్కరించారు, కోర్టు రద్దు చేసింది. మళ్లీ తిరస్కరించారు, కోర్టు మళ్లీ రద్దు చేసి ఈసారి ఏం చేయాలో కూడా చెప్పింది. మూడోసారీ తిరస్కరించారు. ఈలోగా నిర్ణయాన్ని స్వయంగా మార్చే అధికారాన్ని కోర్టుల నుంచి హంగరీ చట్టం తీసేసింది. 2019 జులైలో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం, కోర్టు మాటను లెక్కచేయని అధికారి నిర్ణయాన్ని కోర్టే మార్చి తన నిర్ణయం పెట్టాలని, అడ్డొచ్చే జాతీయ చట్టాన్ని పక్కన పెట్టాలని తీర్పునిచ్చింది. ఐరోపా సమాఖ్య 2013 ఆదేశం ప్రకారం మొదటి కోర్టు వాస్తవాలను, చట్టాన్ని రెంటినీ, తీర్పు రోజు నాటి పరిస్థితులను బట్టి పూర్తిగా పరిశీలించాలి. తమ్ముడి అరెస్టు వార్త అక్కడి జడ్జి చెవిన పడుతుంది. కెనడా పద్ధతిలో ఆ పరిశీలనలో కొంత భాగాన్ని అప్పీలు విభాగం చేస్తుంది, ఎక్కువగా పాత రికార్డు మీదే. ఆ విభాగం కూడా దొరకనివారికి అంతమాత్రం కూడా లేదు. సమీక్షను అప్పీలుగా మార్చనక్కర్లేదు గాని, ఏ స్వతంత్ర నిర్ణేతా రెండోసారి వాస్తవాలు చూడని కేసుల్లో కోర్టు మరింత లోతుగా దిగడానికి వావిలోవ్ తీర్పులోని తీవ్రత సూత్రమే చాలినంత ఆధారం.

వెనక్కి పంపినా ఫలితం ఒక్కటే అని తేటతెల్లమైనప్పుడు కోర్టే తేల్చేయవచ్చని, అంతులేని తిరుగుడులో మనుషుల్ని పెట్టకూడదని వావిలోవ్ తీర్పు అంటుంది. శరణార్థి కేసుల్లో జడ్జీలు ఈ అధికారాన్ని చాలా అరుదుగా వాడతారు. కాబట్టి కోర్టులో గెలిచిన వ్యక్తి దస్తా మామూలుగా మళ్లీ బోర్డుకే చేరుతుంది. అక్కడ అప్పీలు విభాగం మళ్లీ కాదంటే, ఆ కాగితం చేతికి అందిన రోజు నుంచి 15 రోజుల గడువు కొత్తగా మొదలవుతుంది.